విసనకర్ర ఎవరి మీద వాలింది?

"ఆగండి! అక్కడ అడుగు పెడితే ఉడికిపోతారు!"

దారి చూపే సువాస్తిని దనార్ చెయ్యి పట్టుకుని ఒక్క లాగు లాగింది. అతను వచ్చి బూడిదలో కూలబడ్డాడు. అతను నిలబడబోయిన చోట రాళ్ల సందులోంచి ఆవిరి బుస్సుమంది.

"సురబాయా పట్నంలో ఉద్యోగం, మొహానికి కళ్లజోడు, అన్నీ ఉన్నాయి. చూపే లేదు."

"ఉంది. వేరే వైపు ఉంది," అని గొణిగాడు దనార్.

ఆమె విననట్టే ముందుకు నడిచింది. బాతూర్ అగ్నిపర్వతం ఎక్కడం అతనికిది మూడోసారి. ప్రతిసారీ దారి చూపేది ఆమే. మనసులో మాట అతనికి గొంతు దాకా వస్తుంది, అక్కడే చతికిలబడుతుంది.

కొండ అంచున కూర్చున్నాక, ఆవిరిలో ఉడికించిన గుడ్డు ఒలిచి అతని చేతిలో పెట్టింది.

"రేపు మా ఊరి పాసెక్ వాళ్లు మా ఇంటికొస్తున్నారు."

"ఎందుకు?"

"గుడ్లు తినడానికి!" ఆమె మొహం ఎర్రబడింది. "పాసెక్‌కి నన్నిమ్మని అడగడానికి. ఒప్పుకుంటానో లేదో మా నాన్నకి ఇవాళే చెప్పాలి."

దనార్‌కి గుడ్డు గొంతుకి అడ్డం పడింది. ఇప్పుడైనా చెప్పాల్సింది పోయి, దగ్గుతూ కూర్చున్నాడు.

ఆమె విసురుగా లేచింది. "సాయంత్రం మా పేటలో జోగెడ్ నాట్యం ఆడుతున్నా. ముందు వరసలో కూర్చోండి. నా విసనకర్ర ఎవరి మీద వాలితే వాళ్లు లేచి నాతో ఆడాలి. లేవకపోతే నేనిక ఊళ్లో తలెత్తుకోలేను. అర్థమైందా?"

"నాకు ఆట రాదు."

"మాట కూడా రాదుగా!"

దీపాలు పెట్టే వేళకి మండపం నిండిపోయింది. వెదురు వాయిద్యం ముందు ఆమె తండ్రి కూర్చున్నాడు. ఇన్నిసార్లు ఎదురుపడినా దనార్‌తో పలకని మనిషి. ముందు వరసలో పాసెక్, పిలుపు తనకేనన్న ధీమాతో మీసం దువ్వుకుంటున్నాడు.

బంగారు రంగు కిరీటంతో సువాస్తిని తిరుగుతూ వచ్చింది. పాసెక్ సగం లేచాడు. విసనకర్ర అతన్ని దాటి దనార్ భుజం మీద వాలింది.

దనార్ లేచాడు. హమ్మయ్య అనుకునేలోపు పాసెక్ అరిచాడు.

"నడుముకి గుడ్డేదిరా? ఉత్త ప్యాంటుతో ఎలా ఆడతావు? కూర్చో!"

నిజమే. నడుముకి గుడ్డ కట్టుకోకుండా ఆ ఆటలో అడుగు పెట్టకూడదు. అక్కడి పసివాళ్లకీ తెలిసిన సంగతి గనకనే చెప్పాలని ఆమెకి తట్టలేదు. దనార్ పక్కవాళ్లని బతిమాలాడు. పాసెక్ మొహం చూసి ఎవరూ ఇవ్వలేదు. సువాస్తిని కళ్లలో నీళ్లు తిరిగాయి.

వాయిద్యం ఆగిపోయింది. తండ్రి లేచి తిన్నగా దనార్ వైపే వస్తున్నాడు. ఈయన చేతిలో అయిపోయాననుకున్నాడు దనార్.

ఆయన తన నడుముకున్న పసుపు గుడ్డ విప్పి, దనార్ నడుముకి బిగించి కట్టాడు.

"నా కూతురు ఎవర్ని పిలిచిందో నేనూ చూశాను. రేపొచ్చేవాళ్లకి నేను చెప్పుకుంటాలే. నువ్వు ఆడు బాబూ."

వెదురు మళ్లీ మోగింది. దనార్ ఆమెకి ఎదురుగా అడుగేశాడు. ఇన్నాళ్లూ పెగలని గొంతు ఇప్పుడు ఊరంతా వినేలా పెగిలింది.

"నన్ను పెళ్లి చేసుకుంటావా?"

"చేసుకుంటా. ముందు నా పాదం మీంచి నీ కాలు తియ్యి!"