ఫ్రిజ్‌లో కింది అర

ఎనిడ్ క్రాంప్టన్ ఇచ్చిన టీని హిలరీ థ్వైట్ ముట్టుకోలేదు. బిస్కెట్లూ వద్దంది. తన చేత్తో పెంకు వొలుచుకున్న ఉడికించిన గుడ్డు తప్ప ఇంకేదీ ఈమధ్య గొంతు దిగడం లేదని చెప్పింది.

థార్న్‌బేలో హిలరీ వస్తోందంటే చాలు, హోటలు నడిపే ప్రతివాడూ ముందు గరిటె కడుక్కుంటాడు. టౌన్ కౌన్సిల్‌లో ఆహార పరిశుభ్రత విభాగానికి ఆవిడే పై అధికారి. ఊళ్ళో ఏ వంటగది తెరిచి ఉండాలో, దేనికి తాళం పడాలో ఆవిడ జట్టే తేలుస్తుంది. అంతటి మనిషి ఒక ప్రైవేటు డిటెక్టివ్ గదిలో కూచుని కప్పు టీకి జడుసుకుంటుంటే, పక్కనున్న ఎనిడ్ అసిస్టెంటు లెన్ తన కప్పు కూడా పక్కన పెట్టేశాడు.

ఎవరో తన ఇంట్లోకి వచ్చిపోతున్నారని హిలరీ చెప్పింది. ఏదీ పోవడం లేదు. మొదటిసారి రొట్టెల డబ్బాలో బొద్దింకలు కనిపించాయి. ఆ తరువాతి వారం ఓవెన్‌లో చచ్చిన ఎలుక.

"పోలీసులకి చెప్పలేదేం?" అని అడిగింది ఎనిడ్.

"చెబితే ఊరంతా తెలుస్తుందండీ. శుభ్రత అధికారి ఇంట్లోనే ఎలుకలంటే రేపు నా మాట ఎవరు వింటారు? అదైనా ఓర్చుకునేదాన్నే. మొన్న చక్కెర డబ్బాలో ఎలుకల మందు గింజలు కలిపారు. మా అత్తయ్య చెంచా నోట్లో పెట్టుకోబోతుంటే చేతి మీద కొట్టాను. నా వల్ల కాదింక. ఈ వారంలో రాజీనామా ఇచ్చేసి ఆవిడని తీసుకుని ఎటైనా పోతాను."

ఆమె అనుమానమంతా మాంసం కొట్టు క్లైవ్ ఆర్మరాడ్ మీదే. ఉడికించి అమ్మకానికి పెట్టిన పందిమాంసం, హామ్ పైన పచ్చిమాంసం పెట్టి, నెత్తురు హామ్ మీద కారుతున్నా పట్టించుకోలేదని అతని కొట్టు మూయించింది. ఆ రోజు అతను నడివీధిలో నిలబడి, నీ నోటికీ ముద్ద దక్కకుండా చేస్తానని అరిచాడట.

ఆ సాయంత్రమే ఎనిడ్, లెన్ హిలరీ ఇంటికి వెళ్ళారు. భర్త పోయాక హిలరీకి తోడుగా ఉన్నది అత్తగారు ఇడా ఒక్కతే. చెవులు సగమే వినిపిస్తాయి. ఈ వేసవి నుంచి కళ్ళకి పొర కమ్మింది. కప్పు ఎక్కడుందో వేళ్ళతో తడుముకుని పట్టుకుంటోంది. మధ్యాహ్నం తిన్నాక చలి కాచుకుంటూ కుర్చీలోనే నిద్రపోతుంది. తాళంచెవి గుమ్మం పక్క పూలకుండీ కింద ఉంటుంది. గట్టి బందోబస్తే అనుకున్నాడు లెన్. క్రిస్మస్ విందుకి వచ్చిన ఆఫీసువాళ్ళకీ, కొట్టు మూయకముందు సరుకులు తెచ్చిన ఆర్మరాడ్ పనివాడికీ ఆ చోటు తెలుసునని హిలరీ ఒప్పుకుంది.

కోడలు పక్కగదిలోకి వెళ్ళగానే ఇడా ఎనిడ్ చెయ్యి పట్టుకుంది. "రోజంతా ఊరి మీద అజమాయిషీ చాలలేదు మా కోడలికి. వంగలేనమ్మా, అందుకని పచ్చిమాంసం సాసేజీలు పై అరలో పెట్టుకుంటాను. బుధవారం సంతలో కొనుక్కొచ్చి పెట్టి కునుకు తీసి లేచేసరికి కింది అరలో ఉంటాయి. ముసలిదాన్ని, అనలేక ఊరుకుంటున్నా."

ఎనిడ్ నేరుగా హిలరీ దగ్గరికి వెళ్ళి ఆ సంగతి అడిగింది.

"నేనా?" అని తెల్లబోయింది హిలరీ. "ఇంట్లో అత్తయ్యదే రాజ్యం. ఫ్రిజ్‌లో నేను వేలు పెట్టను. ఆవిడే బుద్ధిగా సర్దుకుంటోందనుకున్నా."

బుధవారం మధ్యాహ్నాల్లో ఆఫీసులో ఎవరెవరు ఎక్కడుంటారని ఎనిడ్ అడిగింది. తనూ, జట్టులో చిన్నదైన బెర్నీస్ లండ్ కౌన్సిలర్ల సమావేశంలో చీకటిపడేదాకా కూచుంటారని హిలరీ చెప్పింది. తన తరువాతి స్థానంలో ఉన్న డిప్యూటీ గోర్డన్ పికప్ ఒక్కడే ఊళ్ళో తనిఖీలకి తిరుగుతాడు. ఇంకెవరూ లేరు. పాపం గోర్డనే తనకి ధైర్యం చెబుతున్నాడనీ, ఆరోగ్యం కన్నా ఉద్యోగం ఎక్కువ కాదు, వదిలెయ్యమంటున్నాడనీ కూడా చెప్పింది.

మర్నాడు క్లైవ్‌నీ, ఆఫీసువాళ్ళిద్దరినీ హిలరీ వంటింట్లోకి టీకి పిలిచారు. వాళ్ళు వచ్చేముందు ఎనిడ్ ఫ్రిజ్ తెరిచి, సాసేజీలు పై అరలో, ఇడా చేసిన కస్టర్డు ట్రైఫిల్ మిఠాయి గిన్నెకి సరిగ్గా పైన పెట్టడం లెన్ చూశాడు. ఎందుకో అర్థం కాలేదు. అర్థం కాకపోయినా ఆమె చేసినదానికి కారణం ఉంటుందని అతని నమ్మకం.

"కొట్టు మూయించి టీకి పిలుస్తారా?" అంటూ క్లైవ్ కుర్చీ లాక్కున్నాడు. "కప్పులు కడిగారా లేదా, ముందది చెప్పండి." బెర్నీస్ తల దించుకుని కూచుంది. గోర్డన్ హిలరీకి పూలు తెచ్చాడు. పాలు అందించమని ఎనిడ్ అడిగితే, అతనే లేచి ఫ్రిజ్‌లోంచి తీసిచ్చాడు.

"ఈ ఇంట్లోకి దూరిన మనిషి విషం కలపడమే కాదు, ఒక మంచిపని కూడా చేశాడు," అంది ఎనిడ్. "పచ్చిమాంసం తినే పదార్థం పైన ఉంటే చూడలేక, వచ్చిన ప్రతిసారీ కిందికి దించాడు. అత్త కోడలనుకుంది, కోడలు అత్తనుకుంది. క్లైవ్ గారూ, మీరైతే దించేవారా?"

"దించేవాణ్ణయితే నా కొట్టుకి తాళమెందుకు పడుతుంది?" అన్నాడు క్లైవ్.

"అదే కదా. ఈ అలవాటు తనిఖీలు చేసేవాళ్ళకి చేతుల్లో జీర్ణించుకుపోయి ఉంటుంది. బుధవారాల్లో బెర్నీస్ హిలరీ పక్కనే ఉంటుంది. ఇక మిగిలింది మీరే, గోర్డన్ గారూ."

గోర్డన్ నవ్వాడు. ఇదంతా ఊహ అన్నాడు. ఇందాక పాలకోసం వెళ్ళినప్పుడు ఏం చేశారని ఎనిడ్ అడిగితే, పాలు తీశానంతే అన్నాడు. లెన్ వెళ్ళి ఫ్రిజ్ తలుపు బార్లా తీశాడు. సాసేజీలు కింది అరలో ఉన్నాయి. దించిన సంగతి గోర్డన్‌కే గుర్తులేదని అతని ముఖం చెప్పింది.

గోర్డన్ తను తెచ్చిన పూలని పక్కకి నెట్టాడు. "ఆఫీసులో ఆ పై కుర్చీ నాది. ఎన్నేళ్ళు ఎదురుచూశానో. భయపెడితే హిలరీ వదిలి పోతుందనుకున్నా, అంతే. చంపాలని కాదు. ఆ మందుకి నీలం రంగు వేసేది ఎందుకు? మనిషన్నవాడికి కనబడాలనే. చూసినవాళ్ళెవరూ తినరు."

ఎనిడ్ బల్ల అవతలికి చూపించింది. ఇడా చెంచా కోసం బల్లంతా తడుముతోంది. కళ్ళెదుటే ఉన్న చెంచాని దాటి ఆమె వేళ్ళు రెండుసార్లు పోయాయి. గోర్డన్ ముఖంలో నెత్తురుచుక్క లేకుండా పోయింది.

"సాసేజీ నీళ్ళు కారితే ఈవిడకి కడుపునొప్పి వస్తుందని దించారు," అంది ఎనిడ్. "అదే చేత్తో ఈవిడ చక్కెరలో విషం కలిపారు."

అతను తల ఎత్తలేదు. లెన్ పిలిచిన పోలీసులు వచ్చి లెమ్మన్నప్పుడు కూడా ఇడా చేతివేళ్ళనే చూస్తున్నాడు.

జరిగినదాంట్లో ఇడాకి సగమే వినిపించింది. సాసేజీలు మళ్ళీ కిందికి పోయాయని గొణుగుతూ ట్రైఫిల్ తీసుకొచ్చి అందరి ముందూ పెట్టింది. ఎవరూ చెంచా ఎత్తలేదు. క్లైవ్ కూడా.

హిలరీ గిన్నె వైపు చాలాసేపు చూసింది. తరువాత చెంచా తీసుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, మింగి, వెక్కివెక్కి ఏడ్చింది.

"తీపి ఎక్కువైందా?" అని కంగారుపడింది ఇడా.

"లేదత్తయ్యా," అంది హిలరీ, కళ్ళు తుడుచుకుని గిన్నె ముందుకి జరుపుతూ. "ఇంకాస్త పెట్టండి."