బుడగ మధ్యకు రావాలి

"ఈ వ్యాను గాలి కంతల్ని మూసింది ఎవరండీ?"

"నేనే. దుమ్ము వస్తోందని అట్టముక్క పెట్టి టేపు కూడా వేశాను," అంది ఆమె గర్వంగా.

అట్టముక్క పీకి ఆమె చేతిలో పెట్టాను. "దుమ్ము వస్తే తుమ్ములొస్తాయి. గ్యాస్ ఫ్రిజ్ పొగ బయటికి పోకపోతే మనిషి పొద్దున లేవడు. డాక్టరై ఉండి ఇది నేను చెప్పాలా?"

"నేను పశువుల డాక్టర్ని. ఆవులు ఫ్రిజ్ వాడవు."

మా పరిచయం అలా మొదలైంది. ఆమె ఇల్లూ ఆస్పత్రీ ఆ వ్యానే. ఒక మంచం, ఒక స్టవ్వు, పశువుల టీకాల కోసం ఒక ఫ్రిజ్. పాతది చచ్చిపోతే ప్రొపేన్ గ్యాస్‌తో నడిచే కొత్తది కొని, బిగించమని నేను పనిచేసే మా బాబాయ్ మెకానిక్ షెడ్డుకు తెచ్చింది. అదీ పడుకోబెట్టి తెచ్చింది.

"ఒక రోజంతా నిలబెట్టి ఉంచాలి. లోపలి ద్రవం కిందికి దిగాకే వెలిగించాలి," అన్నాను.

"ఎల్లుండి నాకు టీకాల క్యాంపుంది!"

"ఆ సంగతి ఫ్రిజ్‌కి తెలీదండీ."

"మీరు మనిషా, రూల్సు పుస్తకమా?"

ఆ క్షణం నుంచి నా పేరు రూల్స్‌గారు.

నేను పొగ లోపలికి రాకుండా ఫ్రిజ్ వెనక సందులు మూస్తూ రేకు బిగిస్తుంటే ఆమె టార్చ్ పట్టుకుంది.

"వెలుగు పైపు మీద పెట్టండి."

"పైపు మీదే ఉంది."

లేదు. నా మొహం మీద ఉంది. కళ్ళు చికిలించుకుంటూనే పనంతా చేశాను.

మర్నాడు పైపు అతుకులన్నిటికీ సబ్బు నీళ్ళు పూసి బుడగలొస్తాయేమోనని చూస్తున్నాను. బాబాయ్ నా చెవి దగ్గరకొచ్చి, "ఒరేయ్, నీకు సబ్బు నీళ్ళు పూయక్కర్లేదురా. లీకేజీ ఊరంతటికీ కనపడుతోంది," అన్నాడు.

కొత్త పైపులో గాలి ఉంటుంది, మంట ఒక్కసారికి అంటుకోదు. ప్రతిసారీ వెలిగించే మీట వదిలి, కాసేపు ఆగి, గ్యాసు వాసన లేదని చూసుకుని మళ్ళీ నొక్కాను. ఐదోసారి మంట నిలబడింది. చిన్నది, నీలంగా.

"మంట పెట్టి చల్లబరుస్తారా? వింతగా ఉందే!" అంది ఆమె.

"నిదానంగా చల్లబడుతుంది. సాయంత్రానికి."

సాయంత్రం థర్మామీటరు నాలుగు డిగ్రీలు చూపించింది. "ఇంకా చల్లబడలేదు" అంటే చాలు, ఇంకో రోజు ఉండేది. అబద్ధం నోటిదాకా వచ్చింది. టీకాల కోసం కాచుకున్న మూగజీవాలు గుర్తొచ్చాయి.

"నాలుగు డిగ్రీలు. ఇక వెళ్ళొచ్చు."

"అంతేనా?"

"అంతే."

ఆ మాట అన్నందుకు నన్ను నేను తిట్టుకోని రోజు లేదు.

పొద్దున బయల్దేరేటప్పుడు ఆమెకు మట్టం చూసుకునే చిన్న రసమట్టం ఇచ్చాను. "బండి ఎక్కడ ఆపినా ముందు దీన్ని ఫ్రిజ్‌లో పెట్టండి. బుడగ మధ్యకు రావాలి. ఒరిగి ఉండగా వెలిగిస్తే ఫ్రిజ్ పాడవుతుంది. బండి నడిచేటప్పుడూ, పెట్రోలు బంకులోనూ గ్యాస్ కట్టేయండి."

"ఇంకేమన్నా చెప్పాలా?" స్టీరింగు మీద చెయ్యేసి అడిగింది.

"మంట పసుపు రంగుకు తిరిగితే వెంటనే ఆర్పేసి ఫోన్ చేయండి."

వెనకాల బాబాయ్ నుదురు కొట్టుకున్న చప్పుడు వినిపించింది.

మంట పసుపు రంగుకు తిరగలేదు. కానీ ఫోను వచ్చింది.

"రూల్స్‌గారూ, బుడగ ఎడమకి పోయింది."

"కుడి చక్రాల కింద చెక్క పెట్టండి."

"ఆఁ, మధ్యకొచ్చింది."

"మంట?"

"నీలం."

రోజూ సాయంత్రం ఇవే నాలుగు మాటలు. ఆ "నీలం" కోసం పొద్దుటి నుంచీ కాచుకునేవాణ్ణి. ఒకరోజు మాత్రం, "ఇక్కడ వాన పడుతోంది. అక్కడ?" అంది.

"లేదు."

"అయితే వినండి." ఫోను వ్యాను పైకప్పుకు ఆనించింది. ఎక్కడో కురుస్తున్న వానను షెడ్డులో స్టూలు మీద కూర్చుని పది నిమిషాలు విన్నాను. మర్నాడు వాన గురించి అడగాలనుకుని, మంట గురించే అడిగాను.

మూడో నెలకు ఫోన్లు తగ్గాయి. తర్వాత ఆగిపోయాయి. బండి మట్టం సరిచేసుకోవడం ఆమెకు వచ్చేసింది మరి. నేర్పింది నేనే. అంత బాగా నేర్పినందుకు ఏడుపొచ్చింది.

మనసు నిలవక షెడ్డు ముందు యార్డులో వాలుగా ఉన్న మూల తవ్వి కాంక్రీటు పోశాను. ఆ వ్యాను పొడవు, ఆ వ్యాను వెడల్పు. నాలుగు మూలలా రసమట్టం పెట్టి చూసుకున్నాను.

"ఎవరికిరా ఇది?" అన్నాడు బాబాయ్.

"వచ్చే బండ్లకి."

"వచ్చే బండికి అనరా."

ఆరో నెలలో, వాన జోరుగా కురుస్తున్న ఒక పొద్దున, వ్యాను తిన్నగా వచ్చి ఆ కాంక్రీటు మీదే ఆగింది. నేను షెడ్డు లోపల గొడుగు వెతుక్కుని వచ్చేసరికి ఆమె సగం తడిసి వ్యాను తలుపు దగ్గర నిలబడి ఉంది.

"ఫ్రిజ్ చల్లబడటం లేదు."

ఆరు నెలల తర్వాత ఎదురుపడి అన్న మొదటి మాట! నా మొదటి పని రసమట్టం పెట్టడం. బుడగ కుడి అంచుకు అంటుకుంది.

"ఈ నేల మీద ఇలా జరగదే!"

"ఏం, మీ నేల అంత గొప్పదా?"

"నేనే పోశాను. మీ బండి కొలతకే." నోరు జారింది.

నేను వంగి చూశాను. కుడి చక్రం కింద చెక్క ఉంది.

"నేనే పెట్టాను," అంది నేలచూపులు చూస్తూ. "పోయినసారి ఇక్కడ వాలుగానే ఉండేది. ఆ సాకు చాలనుకుని వచ్చాను. మీరేమో సాకు లేకుండా చేసి పెట్టారు. అందుకే చెక్క ఎక్కించాను."

"ఒరిగి ఉండగా వెలిగించారా?"

"గ్యాస్ కట్టేసే ఉంది. టీకాలు కూడా నిన్నే అయిపోయాయి. మీ రూలు తప్పలేదు."

"కట్టేసిన ఫ్రిజ్ ఎలా చల్లబడుతుందండీ?"

"అదేగా నా కంప్లైంటు!" కళ్ళలో నీళ్ళు, పెదాల మీద నవ్వు. "ఆరు నెలలు ఒక్కసారైనా మంట ఎలా ఉంది అని కాక, నువ్వెలా ఉన్నావు అని అడుగుతారేమోనని చూశాను. పంతం పట్టి ఫోను మానేశాను. పంతంలోనూ ఓడిపోయాను."

గొడుగు పక్కన పడేశాను. "ఆ రోజు 'అంతే' అన్నానే, అది అబద్ధం. అది అంతే కాదు. నువ్వు లేకపోతే నాకు సాయంత్రాలు గడవడం లేదు. ఎలా ఉన్నావు?"

"తడిసిపోయి ఉన్నాను," అంది. ఇద్దరం నవ్వేశాం.

నేను చెక్క లాగాను. బండి మెల్లగా దిగి సర్దుకుంది.

"ఇప్పుడు వెలిగిస్తే సాయంత్రానికి చల్లబడుతుంది," అన్నాను.

"రేపు కొత్త టీకాలతో క్యాంపుకెళ్ళాలి మరి."

"గ్యాసు బండిలో మెకానిక్ కూడా ఉండాలి."

"అదీ రూలేనా?"

"ఇవాళ్టి నుంచి."

షెడ్డులోంచి బాబాయ్ కేకేశాడు. "అమ్మాయ్, వీడి టూల్‌బాక్సు సర్దేశాను, నీ మంచం కింద పెట్టుకో. పెళ్ళికి మాత్రం ఇద్దరూ ఇక్కడికే రావాలి, కాంక్రీటు ఉట్టినే పోయనివ్వలేదు!"