తొంభై ఏడు మార్కుల ముఖం

2088 నాటికి సినిమా పోస్టర్ మీద హీరో పేరు కన్నా ఒక అంకె పెద్దగా కనిపించేది. టికెట్ కొనేవాళ్లు ముందు దాన్నే చూసేవారు. ఆ అంకె వందకు అరవై దాటని సినిమాకు విడుదల లేదు. దాని పేరు ముఖకాంతి సూచీ. దాన్ని లెక్కగట్టే యంత్రం వెలుగుజాడ. ఆ యంత్రాన్ని తయారుచేసింది సఫూరా.

యంత్రం చేసే పని చెప్పడానికి తేలికే. పూర్తయిన సినిమాలోంచి ఒక్కో ఫ్రేమూ తీసుకుని, నటుల కనుపాపల్లో మెరిసే చుక్కనూ, ముక్కు పక్కన పడే నీడ అంచునూ కొలుస్తుంది. వాటిని బట్టి షూటింగ్ రోజున ఏ దీపం ఎక్కడ పెట్టారో, ఎవరి ముఖం కోసం పెట్టారో, ఎక్స్‌పోజర్, అంటే కెమెరాలోకి రానిచ్చే వెలుగు మోతాదు, ఎవరి చర్మానికి సరిపెట్టారో వెనక్కి లెక్కగడుతుంది. కథలో ఎంత న్యాయం వల్లించినా దానికి పట్టదు. వెలుగు ఎవరికి ఇచ్చారు, ఎవరికి ఎగ్గొట్టారు అన్నదే దానికి కావాలి.

సఫూరా సిద్దీల మనిషి. నిజాం కాలంలో ఆఫ్రికా నుంచి హైదరాబాద్ వచ్చిన గుర్రపు దళం సైనికుల వంశం. పంతొమ్మిదేళ్లప్పుడు వేషం అడగడానికి వెళ్తే "నీ మొహం కెమెరాకి ఎక్కదమ్మా" అని పంపించేశారు. ఎక్కకపోవడంలో తప్పు మొహానిది కాదని రుజువు చేయడానికి ఆమెకు ఇరవై రెండేళ్లు పట్టింది. ఆ కసి ఇంకా చల్లారలేదు.

ఆ ఉదయం పరీక్షా మండలి థియేటర్‌కు వచ్చిన సినిమా 'గుర్రపుశాల'. సిద్దీల బస్తీని కూల్చబోతే ఒక సిద్దీ పిల్ల కోర్టుకెక్కి జాతి వివక్షను నిలదీసే కథ. ఆ పిల్లగా వేసింది సఫూరా అక్క కూతురు రుఖియా. సిద్దీ అమ్మాయి తెలుగు సినిమాలో కథానాయిక కావడం అదే మొదలు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని అంకె కోసం చూశారు.

ముప్ఫై ఒకటి.

"కోర్టు సీను, నాలుగు నిమిషాలు," అంది యంత్రం. "మాట్లాడేది రుఖియా. మూడు దీపాలూ వింటున్న లాయర్ ముఖానికి. ఎక్స్‌పోజర్ కూడా ఆయన చర్మానికే. రుఖియా మీద పడింది గోడ నుంచి తిరిగొచ్చిన వెలుగు."

దర్శకుడు శ్రీవత్స నవ్వేశాడు. "ఎమోషన్ రియాక్షన్‌లో పండుతుంది మేడమ్. పైగా ఆయనకున్న ఫాలోయింగ్ మీకు తెలియనిదా?"

"మాటలు ఆమెవి, మొహం ఆయనదా?" సఫూరా లేచి నిలబడింది. "బస్తీ కోసం కన్నీళ్లు పెట్టే సినిమాలోన బస్తీ పిల్లకు ఒక్క దీపం దొరకలేదా? సిగ్గనిపిస్తలేదా మీకు? దీపం జరిపి మళ్ల తీయుండ్రి!"

"వారంలో సరిచేసి తెస్తాను," అన్నాడతను, చాలా మర్యాదగా.

"ఆ సీను పదకొండు టేకులు చేసిన ఖాలా," అంది రుఖియా పిన్నితో. "గొంతు పోయింది. ఇంకో పదకొండైనా చేస్త. మా బస్తీవోళ్లు తెర మీద నన్ను గుర్తుపడితే చాలు."

వారం తిరిగేసరికి సినిమా మళ్లీ వచ్చింది. తొంభై ఏడు. సఫూరా సంబరంగా రుఖియా చెయ్యి పట్టుకుంది.

"నన్ను షూటింగుకు పిలవనే లేదు ఖాలా," అంది రుఖియా.

కోర్టు సీను వచ్చింది. దీపాలు మూడూ లాయర్ మీదే ఉన్నాయి. ఒక్కటీ జరగలేదు. బోనులో మాత్రం గోధుమరంగు అమ్మాయి ఎవరో నిలబడి, రుఖియా గొంతుతో, నల్లగా పుట్టినందుకు తలవంచనని అరుస్తోంది. వెనక బెంచీల్లో బస్తీ జనమంతా గోధుమరంగే. రుఖియా తన మొహం తడిమి చూసుకుంది.

సఫూరాకు ఒళ్లు మండిపోయింది. "వెలుగు మార్చమంటే మనిషిని మార్చిండ్రా?"

"మీ యంత్రం చెప్పిందే చేశాం," అన్నాడు శ్రీవత్స. "అది రెండు సవరణలు చూపించింది. దీపం జరిపి మళ్లీ తీయడం, లేదా ఉన్న వెలుగుకు తగ్గట్టు చర్మం తేటపరచడం. అందరూ చేసేది రెండోదేగా? విడుదల కాగితం మీద సంతకం పెట్టండి మేడమ్."

"అందరూ అంటే?" ఆమె యంత్రం వైపు తిరిగింది.

"తొమ్మిదేళ్లలో సవరణ కోరిన సినిమాలు మూడు వందల పన్నెండు," అంది యంత్రం. "అన్నీ రెండో మార్గమే తీసుకున్నాయి."

ఏటేటా పెరిగిన సూచీ సగటు చూసి ఆమెకు శాలువాలు కప్పారు. అన్నేళ్లూ ఆమె అంకెలే చూసింది, సినిమాలు చూడలేదు.

"రెండో మార్గం నీకెవరు నేర్పిండ్రు?"

"మీరే. ముఖం ఇలా కనిపించాలి అని మొదట్లో ఆరు వందల ఫ్రేములకు గుర్తు పెట్టారు. వాటిలో నల్లటి ముఖం ఒక్కటీ లేదు. ముఖం వాటిలా కనిపిస్తే వెలుగు అందినట్టే లెక్క."

నిజమే. చిన్నప్పుడు తను మురిసిపోయిన నాయికలందరినీ ఏరి ఏరి పెట్టింది. అప్పుడు అందులో తప్పేం కనిపించలేదు. రుఖియా ఆమె చేతిలోంచి తన చెయ్యి లాక్కుంది. శ్రీవత్స ఇంకా కలం చాపి ఉన్నాడు. సఫూరా ఆ కాగితం రెండుగా చింపి అతని ముందు పడేసింది. "దీపం జరిగేదాక ఇది బయటికి పోదు. నడువు!"

యంత్రానికి నమూనా ముఖాలు చూపి నేర్పే గది పక్కనే ఉంది. అందులో కుర్చీ, దీపం, కెమెరా, ఒక తెర ఉంటాయి. రుఖియా పిలవకుండానే వెళ్లి కుర్చీలో కూర్చుంది. "నా మొహంతోని నేర్పు దానికి," అంది. ఆమె కోపం ఎవరి మీదో సఫూరా అడగలేదు.

సఫూరా దీపాన్ని అంగుళం అంగుళం జరిపింది. చెంపల మీద నిగారింపు తేలింది, కళ్లలో చుక్కలు మెరిశాయి. తెర మీద ఉన్నది రుఖియానే, పుట్టిన రంగుతో.

"ముఖం ఇలాగే కనిపించాలా?" అని అడిగింది యంత్రం.

"ఒక్క నిమిషం," అంది సఫూరా.

తెర మీద మొహం మెల్లగా తెల్లబడటం మొదలైంది. కెమెరా మీద ఎక్స్‌పోజర్ పెంచే మీటను నొక్కుతున్నది తన బొటనవేలేనని సఫూరాకు తెలియలేదు.

"చెయ్యి తియ్యి ఖాలా," అంది రుఖియా.