పత్తిమిల్లు డాబా

సత్తెనపల్లి దాటాక రోడ్డు పక్కన మూతపడ్డ పత్తిమిల్లు ఒకటి ఉండేది. పొద్దుగూకాక దాని డాబా ఎవరూ ఎక్కేవారు కాదు. పైనున్నది మనిషి కాలు పట్టుకుంటుందని, పట్టుకుంటే వదలదని మిరపకోతలకి పోయే ఆడవాళ్ళు చెప్పుకునేవారు.

ఎనభై అయిదు ప్రాంతంలో, మిషన్ బడి సైన్సు మేష్టారు జక్రయ్య ఆ డాబా మీదే యాంటెన్నా పెట్టాడు. ఆయనకి అమెచ్యూర్ రేడియో లైసెన్సు ఉంది. పైన తిరిగే ఉపగ్రహం ద్వారా ఎక్కడెక్కడి వాళ్ళతోనో మాట్లాడాలని ఆశ. అది కాసేపే అందుతుంది — దాని వెంటే యాంటెన్నా తిరగాలి. తిప్పడానికి, యాంటెన్నా బిగించిన ఇనప గొట్టం మొదట్లో ఒక మోటారు, కింద గదిలో స్విచ్చు, దిక్కు చూపే సూది. దెయ్యాల మాటెత్తితే మేష్టారు నవ్వేవాడు.

ఆ రాత్రి ఉపగ్రహం వచ్చే వేళకి సూది అది రావాల్సిన పడమరే చూపిస్తోంది. రేడియోలో మాత్రం హోరే. యాంటెన్నా నిజంగా ఎటు తిరిగుందో చూద్దామని మేష్టారు పైకి బయల్దేరాడు. రేడియోలు బాగుచేసే నాగూర్ వలిని, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, కింద గదిలో కిటికీ దగ్గర కూర్చోబెట్టాడు.

"నేను టార్చి ఊపేదాకా స్విచ్చు ముట్టుకోకు."

పైన చీకటి. గాలి. పిట్టగోడ దగ్గర కాలు జారింది... టార్చి చేతిలోంచి ఎగిరి, పెరట్లో పడి ఆరిపోయింది.

అప్పుడు వినపడింది — కిర్రు... కిర్రు... యాంటెన్నా దానంతటదే తిరుగుతోంది.

తను టార్చి ఊపలేదు.

వెనక్కి అడుగేశాడు. చీలమండ చుట్టూ ఏదో పడింది. చల్లగా, నున్నగా... బిగిసింది. బోర్లా పడ్డాడు. అది లాగుతోంది — మెల్లగా, తొందరేమీ లేనట్టు. గచ్చు మీద గోళ్ళు విరిగాయి. గొట్టం దాకా ఈడ్చి, కాలిని దానికేసి అదిమింది. వలీ వలీ అని అరిచాడు. ఎవరూ పలకలేదు. చెయ్యి పెట్టి అదేమిటో చూసే ధైర్యం లేదు.

గొట్టం ఆగింది. దాని అడుగునుంచి సన్నగా ఒక మూలుగు మొదలైంది...

ప్రార్థన ఒక్క ముక్క గుర్తు రాలేదు. "వదులు తల్లీ," అని గొణిగాడు. "మళ్ళీ రాను. వదులు."

మూలుగు ఆగిపోయింది. మెట్ల మీద అడుగులు... దగ్గరికి... ముఖాన వెలుగు పడింది.

లాంతరుతో నాగూర్ వలి.

"కొయ్యి," అన్నాడు మేష్టారు, కాలు చూపించి. వలి జేబులోంచి కటింగ్ ప్లయరు తీసి కోశాడు. తీరా చూస్తే అది యాంటెన్నా నుంచి కింద రేడియోకి పోయే కేబులు. తిరిగే గొట్టానికి చుట్టుకుంటూ, మధ్యలో ఆయన కాలినీ చుట్టేసింది.

"టార్చి వెలుగు కదిలితే నొక్కానండి. సూది పడమర నుంచి కదల్లేదు. తిరగట్లేదేమోనని... నొక్కుతూనే ఉన్నా."

సూదికి వచ్చే తీగ తెగి, అది అక్కడే నిలిచిపోయిందన్నమాట.

"ఇంతసేపూ నన్ను పట్టుకుంది నువ్వా, వలీ?"

వలి తల దించుకున్నాడు. "గొంతు వినపడ్డాకే వదిలానండి."

"ఏ గొంతు?"

"రేడియోలో. ఇంగ్లీషులో ఎవరో... ఎవరైనా ఉన్నారా అని పిలుస్తున్నారు. మీకు చెబుదామనే పరిగెత్తుకొచ్చా."

మేష్టారు లేచాడు. మెట్ల వైపు కుంటుతూ రెండడుగులు వేసి, ఆగిపోయాడు. వెనక తెగిన కేబులు కొస గాలికి గొట్టాన్ని కొడుతోంది.