వీపున మాత్రమే రంగున్న చొక్కా

నేను అక్షరాలు ఆలస్యంగా నేర్చుకున్నదాన్ని. ఒత్తులూ దీర్ఘాలూ ఇంకా నా చేతికి సరిగ్గా లొంగలేదు. ఒక పేజీ రాయాలంటే నాకు పొద్దు గూకుతుంది. తప్పులు కనబడితే మన్నించి, మీరే దిద్దుకుని చదవండి.

సోమవారం పొద్దున పెంచలమ్మ బోరు దగ్గర కూర్చుని చొక్కాలు నానబెడుతోంది. ఆదివారం ఆటకు వచ్చిన కాలేజీ పిల్లలకు తొడుక్కోమని ఇచ్చే ఆట చొక్కాలు అవి. ఎరుపు, పసుపు, నీలం రంగులు తొట్టిలో కలిసి బురదరంగుకు తిరిగాయి.

నగరి ఊరి బయట వాళ్ల మరమగ్గాల షెడ్డు ఉంది. మగ్గాలు ఆగిపోయాక పెద్దకొడుకు మురుగేష్ ఆ షెడ్డు వెనక జాగాలో పెయింట్‌బాల్ ఆట పెట్టాడు. గాలితో పేలే తుపాకులు, రంగు నింపిన గోళీలు, దాక్కోవడానికి పాత డ్రమ్ములు, లారీ టైర్లు. గోళీ తగిలి పగిలితే వంటికి రంగు అంటుతుంది. రంగు అంటినవాడు చచ్చినట్టు లెక్క, లేచి బయటికి రావాలి. "చీరలకు అద్దే రంగు మనుషులకు అద్దుతావేంరా" అని అప్పట్లో పెంచలమ్మ నవ్వింది.

మురుగేష్ పోయి ఏడాది కావస్తోంది. పుత్తూరు రోడ్డులో మోటారు సైకిలును లారీ కొట్టింది. అప్పటి నుంచి ఆ ఇంట్లో పనులన్నీ జరుగుతున్నాయి. అన్నం ఉడుకుతుంది, బట్టలు ఆరుతాయి, ఆదివారం ఆట నడుస్తుంది. ఏడుపు మాత్రం లేదు. కోడలు భువనేశ్వరి శవం దగ్గర కూడా కళ్లు తడి చేసుకోలేదని చుట్టాలు చెవులు కొరుక్కున్నారు. పెంచలమ్మకు ఆ మాటలు వినబడ్డాయి, కానీ తగల్లేదు. ఆమె కళ్లూ అప్పటికే ఎండిపోయి ఉన్నాయి.

ఒక చొక్కా ఎత్తి చూసింది. మళ్లీ అదే. ముందువైపు ఒక్క చుక్క లేదు, వీపంతా రంగే. వారం వారం ఈ చొక్కా ఇలాగే వస్తోంది. వెన్ను చూపి పరుగెత్తే పిరికివాడు ఎవడో ప్రతి ఆదివారం వచ్చి దీన్నే తొడుక్కుంటున్నాడని అనుకుంది.

"మా!" అని వెనక నుంచి కేక వినబడి ఉలిక్కిపడింది. చిన్నకొడుకు దేవేంద్ర. వాడు తిరుపతి హాస్టల్లో ఉండి చదువుకున్నవాడు, మగ్గాల మధ్య పెరగలేదు. మగ్గాలు ఆడేటప్పుడు ఎంత పిలిచినా వినబడదు కాబట్టి ఆ షెడ్డులో ఒకరినొకరు పిలుచుకునేవాళ్లు కారు. వెనక నుంచి వచ్చి రెండు వేళ్లతో భుజం మీద తట్టేవాళ్లు. మగ్గాలు పోయినా పెంచలమ్మ చెవులకు మందం మిగిలింది, మురుగేష్‌కు ఆ అలవాటు మిగిలింది. దేవేంద్రకు రెండూ లేవు.

వాడి చేతిలో కొత్త అట్టపెట్టె ఉంది. అందులో లేజర్ తుపాకి, చొక్కా మీద తొడుక్కునే నల్లటి కోటు. చెన్నైలో చూసి, నచ్చితేనే కొంటామని చెప్పి తెచ్చానన్నాడు. ఆ తుపాకిలో గోళీ ఉండదట, వెలుతురే పోయి తగులుతుందట. తగలగానే కోటు కీచుమని ఎర్రగా వెలుగుతుందట. గోళీలు కొనే పని లేదు, దెబ్బల్లేవు, చిన్నపిల్లల్ని వెంటబెట్టుకుని సంసారాలు కూడా వస్తాయి. రంగు తుడిచేసుకుని "నాకు తగల్లేదు" అని బొంకేవాడితో తగువు లేదు. ఇదంతా చెప్పి, తొట్టి వంక చూసి, "నీకీ చాకిరీ కూడా తప్పుతాది" అన్నాడు.

పెంచలమ్మకు అందులో తప్పేమీ కనబడలేదు. కానీ భువనేశ్వరి ఒప్పుకోదు. ఎందుకో చెప్పదు, వద్దంటుంది. నెలల తరబడి ఇదే మాట.

లోపల భువనేశ్వరి దోసెలు పోస్తోంది. దేవేంద్ర వంటింటి గడప దగ్గర నిలబడి, ఒక్కసారి తొడుక్కుని చూడమని కోటు చాచాడు. ఆమె పొయ్యి తగ్గించి, కాదనకుండా తొడుక్కుంది. వాడు నాలుగడుగులు వెనక్కు వేసి తుపాకి ఎత్తాడు. కోటు కీచుమంది. ఎర్రదీపం వెలిగి ఆరిపోయింది. భువనేశ్వరి అలాగే నిలబడి ఉంది.

"తగిలింది వదినా."

"యాడ?"

"ఎద మీద. సచ్చిపోయినావు నువ్వు."

"నాకేం తెలీలేదే" అంది ఆమె.

"అదే గదా దీని గొప్ప! నొప్పి ఉండదు."

భువనేశ్వరి కోటు విప్పి వాడి చేతికిచ్చింది. ఇది వద్దు, అవే ఉండనీ అంది. దోసె తిప్పడానికి వెనక్కు తిరిగింది. ఇన్ని నెలలుగా ఓపిక పట్టినవాడికి అప్పుడు కోపం వచ్చింది. అన్న పెట్టిన ఆటని తనేమీ తీసేయడం లేదని, నిలబెట్టాలనే చూస్తున్నానని, ఆ తుపాకుల్ని దేవుడి గూట్లో పెట్టి పూజ చేసుకుంటే ఇల్లు గడవదని అన్నాడు. అంతటితో ఆగలేదు.

"అన్న పోయినప్పుడు ఒక చుక్క కన్నీళ్లు రాల్లేదు నీకు. ఇప్పుడా రంగు గోళీల మీద అంత ప్రేమ ఏంది వదినా?"

పెంచలమ్మ గుమ్మం దగ్గరే ఉంది. చేతిలో తడి చొక్కా ఉంది. భువనేశ్వరి దోసె తీసి పళ్లెంలో వేసింది. కోటు విప్పేటప్పుడు ఆమె పైట జారింది. జాకెట్టు అంచు పైన, భుజం వెనక, నేరేడుపండు రంగులో గుండ్రటి కమిలిన మచ్చలు. కొన్ని పాతబడి పచ్చగా మారాయి.

పెంచలమ్మ ఆ మచ్చల్ని చూసింది. చేతిలోని చొక్కాను చూసింది.

"ఇది నీదా అమ్మీ?"

కోడలు ధర చెప్పినంత మామూలుగా చెప్పింది. మురుగేష్ పోయాక ఆ చొక్కా తొడుక్కుని, ఆటలో ఎవరికి తగిలిందో తీర్పు చెప్పే పని తనే చేస్తోంది కదా. ఒక ఆదివారం డ్రమ్ముల దగ్గర వంగి పగలకుండా పడిన గోళీలు ఏరుతుంటే, ఎవరో గురి తప్పి కొట్టింది వచ్చి భుజం మీద తగిలింది.

"ఆయప్పే తట్టినాడనుకున్నా అత్తా. ఆఁ అంటా తిరిగినా. ఎవరూ లేరు." పెనం తుడుస్తూ, "మళ్లీ తగుల్తాదేమో అని వీపు ఆటవైపు పెట్టుకొని నిలబడతా. తగిలినప్పుడు తిరిగేదాకా ఆయప్ప ఉన్నట్టే ఉంటాది. దాంట్లో" అని కోటు వైపు చూసింది, "ఏమీ ఉండదు. తగిలినా తెలీదు. నేను ఎట్లాగూ అట్లానే ఉండాను, మళ్లా దాన్ని తొడుక్కునేది ఎందుకు?"

దేవేంద్ర తల దించుకున్నాడు. భువనేశ్వరి పెనం మీద నీళ్లు చిలకరించి, ఇంకో గరిటె పిండి పోసింది.

పెంచలమ్మ అలాగే నిలబడింది. ఏడాదిగా ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ తట్టలేదన్న సంగతి ఆమెకు అప్పుడు తెలిసింది. కోడలికి అన్నం పెట్టింది, నీళ్లు అందించింది, పేరు పెట్టి పిలిచింది. చెయ్యి మాత్రం వేయలేదు. వేస్తే ఏది కూలిపోతుందోనని భయపడిందో ఏమో. మురుగేష్‌కు ఆ తట్టడం ఎవరు నేర్పారు? నడక వచ్చిన కొత్తలో వాణ్ణి షెడ్డుకు తీసుకెళ్లి, తన భుజం మీద వాడి వేళ్లు పెట్టి, గట్టిగా కాదు నాయనా, ఇట్లా అని నేర్పింది తనే కదా.

చొక్కా గడప మీద పెట్టి, చేతి తడి కొంగుకు తుడుచుకుని, పెంచలమ్మ కోడలి వెనక్కు వెళ్లింది. కమిలిన చోటు తప్పించి, రెండు వేళ్లతో భుజం మీద తట్టింది.

"ఆఁ" అంటూ భువనేశ్వరి తిరిగింది.

ఎదురుగా అత్త ఉంది. ఆమె ముఖం ముందు అలాగే ఉంది. తర్వాత గడ్డం వణికింది.

"నేనే అమ్మీ" అంది పెంచలమ్మ. "నేను ఉండాను."

దోసె మాడి వంటింటి నిండా పొగ కమ్మింది. ఇద్దరూ నేల మీద కూలబడి ఏడ్చారు. ఏడాది ఏడుపు. దేవేంద్ర వచ్చి పొయ్యి ఆపి, వదినా, నోటికొచ్చినట్టు మాట్లాడినా అని గొణిగి, అక్కడే గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కాసేపటికి భువనేశ్వరే పైటతో ముఖం తుడుచుకుని, నువ్వు చెప్పిందే న్యాయం, ఆ లేజర్ తెచ్చి పెట్టుకో అంది వాడితో.

లేజర్ వచ్చింది. ఆదివారాలు చిన్నపిల్లలు కూడా వస్తున్నారు. షెడ్డు వెనకంతా కీచుకీచుమంటుంది. సోమవారం బోరు దగ్గర ఇంటి బట్టలు మాత్రమే ఉంటాయి.

అలాంటి ఒక సోమవారం పెంచలమ్మ బట్టలు పిండుతుంటే వెనక నుంచి భుజం మీద దభీమని దెబ్బ పడింది. చూస్తే దేవేంద్ర, అరచెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. కేక వేయకుండా తట్టాలని చూశాడు పాపం.

తీగ మీద చీర ఆరేస్తున్న భువనేశ్వరి అది చూసింది.

"అట్లా కాదప్పా" అంది. "రెండు వేళ్లతో."

— అక్కమ్మ, అరవై ఏడేళ్లు, ఇప్పుడు ఉండేది తిరుచానూరులో, కూతురి ఇంట్లో.