కాస్టింగ్ ఓటు

గురువారం ఉదయం పది నలభైకి, శాసనసభ రెండో నంబర్ కమిటీ రూములో, ఛైర్మన్ తన ఆస్తమా పంపు నోట్లో పెట్టుకుని రెండుసార్లు నొక్కాడు. మూడోసారి నొక్కడానికి ఆయనకి చెయ్యి లేవలేదు. ఎదురుగా ఉన్న బెల్లు మీదికి అలాగే ఒరిగిపోయాడు. పదిమంది సభ్యులు కుర్చీలు వెనక్కి తోసి లేచారు. డాక్టరు వచ్చి చెయ్యి పట్టుకుని చూసి, గుండెపోటు అన్నాడు.

మధ్యాహ్నం మూడింటికి, ఊళ్లో ఇంకో మూల, నేమ్ బోర్డు లేని ఒక ఆఫీసులో పెద్దాయన ఆ మాట కొట్టిపారేశాడు.

"గుండెపోటూ లేదు గాడిదగుడ్డూ లేదు. ల్యాబ్ రిపోర్టు వచ్చింది. రక్తంలో విషం. ఆ పంపులోంచే వెళ్లి ఉంటుంది."

పెద్దాయన అంటే ఆ సీక్రెట్ సర్వీసుకి చీఫ్. ఎదురుగా కూర్చున్నవాడి పేరు డిపార్ట్‌మెంట్‌లో గుమాస్తా. ఏ వేషం వేసినా చివరికి గుమాస్తాలాగే కనిపిస్తాడని ఆ పేరు పెట్టారు. ఇరవై ఏళ్లుగా అదే అతనికి పెట్టని కోట.

"ఎవరు?" అన్నాడు గుమాస్తా.

"వడ్రంగులు."

అది ఒక విదేశీ ముఠా. ఏ దేశంలో అడుగుపెట్టినా ఏదో ఒక వ్యవస్థకి దొడ్డిదారి తలుపు బిగించి పోతారు కాబట్టి ఆ పేరు.

పెద్దాయన ఒక కాగితం ముందుకి తోశాడు. "గ్రిడ్ కంట్రోల్ బిల్లు. రాష్ట్రంలో కరెంటు ఎక్కడ ఆగాలి, ఎక్కడ నడవాలి అన్నది కొత్త సాఫ్ట్‌వేర్ చేతికి వెళ్తోంది. అంతవరకు బాగానే ఉంది. సెలెక్ట్ కమిటీలోకి వచ్చాక నలభై ఒకటి-ఏ అని ఒక సవరణ దూరింది. ఎమర్జెన్సీ వస్తే కంట్రోలు సప్లయర్ చేతికి పోతుంది. ఎమర్జెన్సీ వచ్చిందో లేదో చెప్పేది కూడా సప్లయరే."

"సప్లయర్ అంటే వడ్రంగులేనా?"

"వాళ్ల ముసుగు కంపెనీ. వాళ్ల దేశంలో కూర్చుని ఒక కీ నొక్కితే ఇక్కడ ఆపరేషన్ థియేటర్లలో దీపాలు ఆరిపోతాయి. రేపు మధ్యాహ్నం పన్నెండు కమిటీకి ఆఖరి గడువు. ఆ లోపల సంతకమైన రిపోర్టు సభకి చేరితే ఆ క్లాజు చట్టమైపోతుంది, సభలో మెజారిటీ సిద్ధంగా ఉంది. చేరకపోతే కమిటీ ఆయుష్షు తీరినట్టే. బిల్లు మొదట ఎలా వచ్చిందో అలాగే సభ ముందుకి వెళ్తుంది."

"వెళ్లి పట్టుకొద్దాం."

"ఎలా? అది సభా ప్రాంగణం. స్పీకర్ అనుమతి లేకుండా అక్కడ ఈగని కూడా అరెస్టు చేయలేం. ఆయన విదేశీ టూర్లో ఉన్నాడు. రేపు ఎయిర్‌పోర్టు నుంచి సరాసరి పన్నెండింటికి సభకే వస్తాడు. నువ్వు కమిటీ బ్రాంచిలో చర్చలు రాసుకునే రిపోర్టర్‌గా వెళ్లు. లోపల మన మనిషి ఉంది. నెమలి చెప్పినట్టు చెయ్యి."

గుమాస్తా ముఖం గట్టిపడింది. "ఆవిడతో నేను పని చేయను."

"నిన్ను అడగలేదు, చెప్తున్నాను."

నెమలి సప్లయర్ కంపెనీ తరఫున కమిటీకి వచ్చిన టెక్నికల్ ఎక్స్‌పర్ట్. రెండేళ్లుగా వడ్రంగుల రహస్యాలు డిపార్ట్‌మెంట్‌కి చేరవేస్తున్న డబుల్ ఏజెంట్. అంతకుముందు ఆమె గుమాస్తా అన్నయ్య భార్య. అన్నయ్య కూడా ఇదే సర్వీసు. రెండేళ్ల కిందట పరాయి దేశంలో రైలు దిగుతుండగా ప్లాట్‌ఫాం మీదే కాల్చేశారు. అతను ఏ రైల్లో దిగుతాడో తెలిసినవాళ్లు ముగ్గురే. పెద్దాయన, తమ్ముడు, భార్య.

*

కమిటీ బ్రాంచిలో అతన్ని చూసి ఎవరూ సంతోషించలేదు. ముఖ్యంగా రూల్సమ్మ.

ఆమె అసిస్టెంట్ సెక్రటరీ. ముప్పై ఒక్కేళ్ల సర్వీసు. ముక్కు మీద కళ్లద్దాలు, చేతి కింద అంచులు నలిగిన నిబంధనల పుస్తకం. మంత్రులు కూడా ఆమె టేబుల్ ముందు నిలబడే మాట్లాడతారని చెప్పుకుంటారు. గుమాస్తా ఐడెంటిటీ కార్డు తీసుకుని రెండు వైపులా తిప్పి చూసి వెనక్కిచ్చింది. తర్వాత అతని జేబులోని పెన్ను లాక్కుంది. నలభై గంటలు రికార్డు చేసే పెన్ను అది.

"ఇక్కడ రిపోర్టర్లు పెన్సిల్ వాడతారు."

"అలవాటు లేదండీ."

"చేసుకోండి." ఒక నోట్‌బుక్ తోసి నాలుగు వాక్యాలు డిక్టేట్ చేసింది. అతను రాసింది చూసి పెదవి విరిచింది. "షార్ట్‌హ్యాండా ఇది? కోడి కెలికినట్టుంది."

"హడావిడిలో అలా వచ్చింది. అమ్మా, పొద్దున ఛైర్మన్ గారి టేబుల్ మీద ఆస్తమా పంపు ఉండాలి. ఏమైంది?"

"సిటింగ్ ముగిశాక రూములో మిగిలిన ప్రతి వస్తువూ నా కస్టడీ. టైము రాసి, కవర్లో పెట్టి, సీలు వేశాను."

"ఒకసారి చూడొచ్చా?"

"స్పీకర్ గారి ఉత్తరం తెండి."

"ఒక ప్రాణం పోయిందండీ."

"అందుకే ఉత్తరం తెమ్మంటున్నాను." ఆమె తలెత్తలేదు. "రేపు పదకొండున్నరకి సిటింగ్. ఆలస్యమైతే తలుపు తీయను."

"ఛైర్మన్ లేరు కదా, కుర్చీలో ఎవరు కూర్చుంటారు?"

"అందరికన్నా సీనియర్ సభ్యుడు. వకీలు గారు. ఐదుసార్లు గెలిచారు."

నలభై ఒకటి-ఏ సవరణ ఇచ్చింది ఆ వకీలే.

*

శుక్రవారం పదిన్నరకి కారిడార్లో అతని వెనక మడమల చప్పుడు వినిపించింది. సెంటు వాసన దానికన్నా ముందే వచ్చింది.

"లిఫ్టు పనిచేస్తోందా?" అందొక ఆడగొంతు. కోడ్ ప్రశ్న.

"పైకి మాత్రమే." కోడ్ జవాబు.

నెమలి పక్కకి వచ్చి నోటీసు బోర్డు చదువుతున్నట్టు నిలబడింది. బూడిదరంగు సూటు, మెడలో సన్నటి ముత్యాలు. అటువైపు వెళ్తున్న ఇద్దరు ఎమ్మెల్యేలు మెడలు తిప్పి మరీ చూశారు.

"బాగున్నావా మరిదీ?"

"పని చెప్పు వదినా."

"మాస్టారిని చంపబోతున్నారు." మాస్టారంటే నలభై ఒకటి-ఏని మొదటినుంచీ ఎదిరిస్తున్న ఎమ్మెల్యే, రిటైరైన లెక్కల టీచరు. "పదకొండుంపావుకి, నది అవతల ఆయన క్వార్టర్స్ దగ్గర. కారులో ఎక్కుతుండగా. నువ్విప్పుడు బయల్దేరితే అందుకుంటావు."

"డిపార్ట్‌మెంట్‌కి చెప్పావా?"

"నీకు చెప్పాను కదా. ఇప్పటికైనా నమ్ము."

నమ్మకపోవడానికి కారణాలు బోలెడు. కానీ నమ్మకుండా కూర్చుంటే ఒక మనిషి చస్తాడు. గుమాస్తా పరుగున వెళ్లి టాక్సీ ఎక్కాడు.

వంతెన మీద ట్రాఫిక్ ఆగిపోయింది. ముందు లారీ, వెనక బస్సు. గుమాస్తా కూర్చున్నచోటే వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. కమిటీలో పదకొండుమంది. క్లాజుకి ఐదుగురు అనుకూలం, ఛైర్మన్‌తో కలిపి ఆరుగురు వ్యతిరేకం. ఛైర్మన్ పోయాడు. ఐదు, ఐదు. సమానమైతే కుర్చీలో ఉన్నవాడికి ఇంకో ఓటు, కాస్టింగ్ ఓటు. ఆ కుర్చీ ఇప్పుడు వకీలుది.

ఒక్క మనిషిని చంపితే ఎదుటివాళ్లకి ఒక ఓటు తగ్గింది, వడ్రంగులకి ఒక ఓటు పెరిగింది. ఇక రెండో హత్య ఎందుకు? చేస్తే పోలీసులు దిగుతారు, సిటింగ్ ఆగిపోతుంది, గడువు దాటిపోతుంది. మాస్టారు బతికి ఉండటమే వాళ్లకి లాభం. అడ్డం తప్పించాల్సింది ఒక్క తననే.

అతను డబ్బులు సీటు మీద పడేసి దిగి, ఆగిన బళ్ల మధ్యనుంచి వచ్చిన దారినే పరుగెత్తాడు.

*

పదకొండు ఇరవై తొమ్మిదికి రొప్పుతూ రెండో నంబర్ రూములోకి వచ్చిపడ్డాడు. రూల్సమ్మ గడియారం వైపు చూసింది, అతని చొక్కా మీది చెమట వైపు చూసింది. తలుపు మూసింది. లోపల మాస్టారు తన కుర్చీలో నిక్షేపంగా కూర్చుని కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు. పది నుంచీ అక్కడే ఉన్నాడట. గోడవారన ఎక్స్‌పర్టుల బెంచీ మీద నెమలి. గుమాస్తాని చూసి ఆమె కనురెప్ప కూడా కదల్చలేదు.

పది నిమిషాలు వాదన సాగింది. మాస్టారు అరిచాడు, వకీలు నవ్వాడు. చివరికి వకీలు బెల్లు కొట్టి, "చర్చ చాలు. నిర్ణయం తీసుకుందాం," అన్నాడు.

రూల్సమ్మ లేచి, వేలసార్లు చదివిన గొంతుతో అంది. "కమిటీ నిర్ణయానికి కూర్చుంటోంది. సభ్యులు, సచివాలయ సిబ్బంది తప్ప బయటివాళ్లు దయచేసి వెళ్లాలి."

నెమలి, ఆమె వెంట వచ్చిన ఇద్దరు ఇంజనీర్లు లేచారు. దాటి వెళ్తూ ఆమె అతని చెవి దగ్గర వంగింది. "రాసుకో మరిదీ. బాగా రాసుకో."

తలుపు మూసుకుంది. గుమాస్తా రూల్సమ్మ వైపు ఒరిగి గుసగుసగా అడిగాడు. "బయటివాళ్లు ఎవరైనా ఉండిపోతే?"

"జరిగింది జరగనట్టే. ఓటింగు చెల్లదు. మాట్లాడకుండా రాయండి."

అతని పెన్సిల్ ఆగిపోయింది.

ఓట్లు తీశారు. ఐదు, ఐదు. "నా కాస్టింగ్ ఓటు అనుకూలం," అన్నాడు వకీలు. అప్పుడు టైము పదకొండు నలభై ఆరు.

గుమాస్తా నాలుక చివరిదాకా వచ్చిన మాటని మింగేశాడు. ఇప్పుడు నోరు తెరిస్తే తనని బయటికి నెట్టి రెండు నిమిషాల్లో మళ్లీ ఓటు వేస్తారు. ఆగాలి. మరీ ఆగితే సంతకాలైపోయి రిపోర్టు గది దాటిపోతుంది.

వకీలు రిపోర్టు ముందుకి లాక్కున్నాడు. ప్రతి పేజీ మీద సంతకం, నలభై పేజీలు. గదిలో కాగితాల చప్పుడు తప్ప ఏమీ లేదు. పదకొండు యాభై రెండు. మాస్టారు తల పట్టుకుని కూర్చున్నాడు. పదకొండు యాభై ఆరు. ఇంకా ఆరు పేజీలు. వకీలు కూడా గడియారం చూసి చెయ్యి వేగం పెంచాడు. గుమాస్తా అరచేతిలో పెన్సిల్ తడిసిపోయింది. నాలుగు పేజీలు. రెండు.

పదకొండు యాభై ఎనిమిదికి, ఆఖరి పేజీ మీద పెన్ను ఆనుతుండగా అతను లేచి నిలబడ్డాడు.

"అధ్యక్షా, నేను బయటివాణ్ని."

"ఏంటయ్యా?" అన్నాడు వకీలు.

"నేను రిపోర్టర్‌ని కాదు. ఈ సచివాలయం మనిషినే కాదు. దొంగ కార్డుతో వచ్చాను."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ముందుగా తేరుకున్నది మాస్టారు. "పాయింట్ ఆఫ్ ఆర్డర్. ఓటింగప్పుడు బయటి మనిషి ఉన్నాడు. అది చెల్లదు."

"వీడు పిచ్చివాడు," అని వకీలు రూల్సమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, ఇతను మీ స్టాఫే కదా? అవునని చెప్పండి, అయిపోతుంది."

రూల్సమ్మ కళ్లద్దాలు సర్దుకుంది. "కాదండీ. ఆ కార్డు మీద ఉన్న నంబరు నాలుగేళ్ల కిందట రిటైరైన మనిషిది. నిన్నే చూశాను."

"చూసి చెప్పలేదేం?"

"కమిటీ అడగంది నేను చెప్పకూడదండీ. ఇప్పుడు అడిగారు."

వకీలు ముఖం నల్లబడింది. "సరే. వాణ్ని బయటికి పంపండి. మళ్లీ ఓటింగు. చేతులెత్తండి, త్వరగా."

"ముందు ఇది మినిట్స్‌లో ఎక్కాలి," అంది రూల్సమ్మ. రిజిస్టరు తెరిచింది. కలం మూత తీసింది. తారీఖు వేసింది. ముప్పై ఒక్కేళ్లలో ఆమె అంత గుండ్రంగా ఎప్పుడూ రాసి ఉండదు. "బయటి వ్యక్తి… కమిటీ… నిర్ణయ సమయంలో…"

"అమ్మా, తర్వాత రాయండి."

"తర్వాత రాస్తే అబద్ధం అవుతుందండీ."

గుమాస్తా నోట్‌బుక్ మూశాడు. పెన్సిల్ కింద పడింది, వంగి వెతికాడు. దొరికాక తలుపు వైపు నడిచాడు. పెళ్లివారి నడకలా సాగింది ఆ నడక. గడియ మీద చెయ్యి వేసేసరికి భవనమంతా గంట మోగింది. పన్నెండు. పక్క హాల్లో సభ మొదలైంది.

వకీలు పెన్ను ఆఖరి పేజీ మీదే ఉంది. రూల్సమ్మ ఆ కాగితం అతని చేతి కిందనుంచి మెల్లగా లాగి తీసుకుంది.

*

నెమలి పారిపోలేదు. లైబ్రరీలో కాలు మీద కాలు వేసుకుని పత్రిక తిరగేస్తోంది. గుమాస్తా ఎదురుగా వచ్చి కూర్చుంటే నవ్వింది.

"ఇక్కడ నన్ను ముట్టుకోలేవు. అరెస్టుకి అనుమతి అడుగుతూ నువ్వు రాసే ఉత్తరం స్పీకర్ చదివేసరికి సాయంత్రం అవుతుంది. ఆలోపు మా ఎంబసీ కారు లోపలికే వస్తుంది."

"పంపు మార్చింది నువ్వే."

"నిన్న ఆయన పక్కన కూర్చుని లెక్కలు వివరించింది నేనే కదా." పత్రిక పేజీ తిప్పింది. "అడగాలని రెండేళ్లుగా నోట్లో నానబెట్టుకున్న ప్రశ్న ఒకటుంది నీకు. అడుగు."

అతను అడిగేలోపే ఆమే చెప్పింది.

"మీ అన్న నన్ను ఒక్కరోజు కూడా అనుమానించలేదు. నువ్వు పెళ్లినాడే అనుమానించావు. మీ ఇంట్లో తెలివైనవాడివి నువ్వే."

ఈ మాట విన్న రోజున ఏం చేస్తానో అతను చాలాసార్లు ఊహించుకున్నాడు. ఇప్పుడు చేతులు ఒళ్లో అలాగే పడి ఉన్నాయి.

బీరువాల మధ్యనుంచి రూల్సమ్మ వచ్చింది. వెనక ఇద్దరు మార్షల్స్.

"మేడమ్, మీది విజిటర్ పాస్. కమిటీ ఎక్స్‌పర్ట్ అని రాశారు. కమిటీ పన్నెండింటికి రద్దయింది. లేని కమిటీకి ఎక్స్‌పర్ట్ ఉండదు. బయటికి దయచేయండి."

నెమలి మొదటిసారి కూర్చున్నచోటే కదిలింది. "నేను సభా ప్రాంగణంలో ఉన్నాను. నన్ను అరెస్టు చేయకూడదు."

"అరెస్టు ఎవరు చేస్తున్నారు? సాగనంపుతున్నాం."

మార్షల్స్ ఆమెని మర్యాదగా గేటు దాకా నడిపించారు. గేటు అవతల, ప్రాంగణం హద్దు గీతకి జానెడు దూరంలో, డిపార్ట్‌మెంట్ వ్యాను తలుపు తెరుచుకుని ఉంది. ఎక్కేముందు ఆమె వెనక్కి తిరిగి చూసింది. గుమాస్తా లోపలే నిలబడ్డాడు.

నాలుగింటికి స్పీకర్ ఉత్తరం వచ్చింది. సీలు విప్పారు. పంపు మీద నెమలి వేలిముద్రలు దొరికాయి. వకీలు ఆ రాత్రికే ఒక్కో పేరూ చెప్పడం మొదలుపెట్టాడు.

పెద్దాయన మాత్రం మెచ్చుకోలేదు. "ఇరవై ఏళ్ల కవర్. పదిమంది ముందు నీ నోటితోనే పాడుచేసుకున్నావు. ఇక నువ్వు ఏ ఆఫీసులోనూ గుమాస్తాగా పనికిరావు," అన్నాడు.

అంతటితో పోలేదు. దొంగ కార్డుతో కమిటీలో కూర్చోవడం సభా హక్కుల ఉల్లంఘన. పదిహేను రోజుల తర్వాత గుమాస్తాని సభ చివరి కమ్మీ దగ్గర, తప్పు చేసిన బయటివాళ్లని నిలబెట్టేచోట, నిలబెట్టారు. స్పీకర్ లేచి, సభ గౌరవానికి భంగం కలిగించినందుకు మందలిస్తున్నానని చదివాడు. సభ్యులు బల్లలు చరిచారు. అందరికన్నా గట్టిగా చరిచింది మాస్టారు. రూల్సమ్మ తల వంచుకుని, ఒక్క అక్షరం పొల్లుపోకుండా రాసుకుంది.

ఆ వారమే అది సభా కార్యక్రమాల నివేదికలో అచ్చయింది. దేశానికి చేసిన సేవ గురించి గుమాస్తా దగ్గర ఉన్న ప్రభుత్వ పత్రం ఆ మందలింపు ఒక్కటే. దానికి ఫ్రేము కట్టించాడు.