ప్రార్థన మందిరంలో గొంతులు

పొద్దుగూకితే ఆ కాలేజీ ప్రార్థన మందిరం వైపు కుక్క కూడా పోయేది కాదని చెప్పుకునేవాళ్ళు.

కాలేజీ మూసేస్తున్నారన్న కబురు పొక్కినప్పటి నుంచీ దానికా చెడ్డపేరు అంటుకుంది. రాత్రిళ్ళు లోపల ఎవరో ఏడుస్తారట... కాలేజీ కట్టించిన పెద్దాయన సమాధి మందిరం వెనకాలే ఉంది. ఆయనే లేచి వస్తున్నాడని వాచ్‌మన్ ఒట్టేసి చెప్పాడు.

"కళ్ళారా చూశావా?" అని గద్దించింది కెమిస్ట్రీ లెక్చరరమ్మ. నోటి దురుసు చూసి పిల్లలు ఆవిడకి 'యాసిడ్ మేడం' అని పేరు పెట్టారు.

"చూళ్ళేదమ్మా... విన్నాను. తలుపు సందులోంచి."

"దెయ్యాన్ని కూడా ఖాళీ చెయ్యమన్నారేమోలే, పాపం!"

అనైతే అంది కానీ, ఆవిడకే నవ్వు రాలేదు. ఖాళీ చెయ్యాల్సిన వాళ్ళలో తనూ ఉంది. భర్త పోయాక కాలేజీ క్వార్టర్సులో మిగిలింది తనూ, అత్తగారూ. ముసలావిడకి చూపు దాదాపు లేదు. ఈ ఇంట్లో గడప ఎక్కడో, గోడ ఎక్కడో ఆవిడ కాళ్ళకి తెలుసు. కొత్త చోట మళ్ళీ మొదట్నుంచి తడుముకోవాలి. యాసిడ్ మేడం తిరగని గుమ్మం లేదు, బతిమాలని పెద్దమనిషి లేడు. చేరే పిల్లలే లేనప్పుడు కాలేజీ ఎందుకమ్మా అన్నారు అందరూ.

"దేవుడు చూసుకుంటాడే అమ్మాయ్" అంది అత్తగారు ఆ రాత్రి కూడా.

"చూస్తున్నాడు అత్తయ్యా. చూస్తూ కూర్చున్నాడు!"

అనేశాక నాలుక కరుచుకుంది. ముసలావిడ గోడవైపు తిరిగి పడుకుంది.

తెల్లవారితే కాలేజీకి తాళాలు పడతాయి. మేడంకి నిద్రపట్టీ పట్టకముందే మెలకువ వచ్చింది. ఏదో వెలితి... చీకట్లో చెయ్యి చాపింది—

పక్క మంచం ఖాళీ.

"అత్తయ్యా!"

వీధి తలుపు బార్లా తీసి ఉంది.

నా మాటే పొడిచిందా ఈవిణ్ణి? ఎటు పోయింది, కళ్ళు కనపడకుండా? మేడం చెప్పులు కూడా లేకుండా పరుగెత్తింది. హాస్టలు మెట్లు... లైబ్రరీ వరండా... ఖాళీ చేసిన క్లాసుగదుల ముందు బెంచీలు కాళ్ళు పైకెత్తి గుట్టలుగా పడున్నాయి. వాటి మధ్య కూడా వెతికింది. లేదు.

ఇక మిగిలింది ఒక్కటే చోటు...

మందిరం వైపు కరెంటు ఎప్పుడో తీసేశారు. తలుపు దాకా వచ్చేసరికి వినిపించింది. సన్నగా... ఒక మూలుగు. ఆగింది. మళ్ళీ వచ్చింది, ఈసారి వేరే మూల నుంచి—

గొంతు కూడా వేరు!

దెయ్యాల్లేవు, గియ్యాల్లేవు అని పిల్లలకి పాఠాలు చెప్పిన నోరు పిడచకట్టుకుపోయింది. కానీ అత్తయ్య లోపలుంటేనో?

తలుపు తోసింది. కిర్రుమంది.

ఏడుపు టక్కున ఆగిపోయింది.

ఎవరో ఊపిరి బిగబట్టారు. ఒకరు కాదు... చీకటి నిండా ఊపిర్లే.

"అత్తయ్యా..." ఒక అడుగు వేసింది. కాలికి మెత్తగా ఏదో తగిలింది. అది... కదిలింది—

కెవ్వుమని కేక పెట్టింది మేడం.

ఎవరిదో ఫోను వెలిగింది.

నేలమీద బోర్లా పడి ఉన్నది ప్రిన్సిపాల్ గారు! పొద్దున అందరి ముందూ "కంగారు పడకండి, ప్రభువు చేతిలో ఉన్నాం" అని నిబ్బరంగా చెప్పిన మనిషి. ఇప్పుడు కళ్ళు వాచిపోయి, చొక్కా మట్టికొట్టుకుపోయి ఉన్నాడు. ఫోను పట్టుకున్నది హాస్టల్ వంటావిడ. స్తంభం చాటున లైబ్రేరియన్. ముందు వరసలో, మోకాళ్ళ మీద... అత్తగారు.

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని తెల్లబోయారు. వాళ్ళకీ తెలియదు! ఎవరికి వాళ్ళు, ఇంకొకళ్ళ కంట పడకూడదని, చీకట్లో వచ్చి ఏడ్చి పోతున్నారు. పక్కన మూలుగు వినపడితే అదే దెయ్యమనుకున్నారు. వణుక్కుంటూనే మర్నాడూ వచ్చారు.

"ఇంత చీకట్లో ఎలా వచ్చారత్తయ్యా?"

"నాకు చీకటేంటే, వెలుతురేంటే? రోజూ వస్తూనే ఉన్నాగా."

మేడం ప్రిన్సిపాల్ వైపు తిరిగింది. "ఏమన్నా కబురొచ్చిందా సార్? ఆగుతుందా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. "లేదమ్మా. తెల్లారగానే తాళాలు."

"మరి ఇంకా దేనికి సార్ ఈ ప్రార్థన?"

ఆయన చొక్కాకంటిన మట్టి దులుపుకున్నాడు.

"తెలియదమ్మా... ఇంకెక్కడికి పోవాలో తెలియక."

వంటావిడ మెల్లగా ఫోను లైటు ఆర్పేసింది.

అద్భుతమేమీ జరగలేదు. అన్నట్టుగానే తెల్లారగానే తాళాలు పడ్డాయి. కానీ ఆ లైటు ఆరేటప్పటికి ఇంకా తెల్లారలేదు. యాసిడ్ మేడం తడుముకుంటూ వెళ్ళి అత్తగారి పక్కన కూలబడింది. ప్రార్థన చేద్దామని నోరు తెరిచింది. ఒక్క మాటా రాలేదు. గొంతులోంచి ఏదో మూలుగు మాత్రం వచ్చింది.

ముసలి చెయ్యొకటి వచ్చి ఆవిడ వీపు మీద వాలింది.

"అంతేనే తల్లీ..." అంది అత్తగారు గుసగుసగా. "ఇక్కడ మా అందరికీ వచ్చింది అంతే."